పచ్చి ఇటుక మీద నడిచిన కుక్క

అద్దం మీద నోటి ఆవిరి ఊది, అది కరిగిపోయేలోపే గుడ్డతో గుండ్రంగా తుడిచాడు. పైనుంచి కిందికి ఒకసారి, కుడినుంచి ఎడమకి ఒకసారి, ఆఖరున నలిపిన పాత పేపరు ముక్కతో నాలుగు మూలలూ. నాణేల గదిలో ఇది పదకొండో పెట్టె. తొమ్మిదిన్నరకి తలుపులు తీసేలోపు ఇంకా ఇరవై ఆరు మిగిలి ఉన్నాయి.

మ్యూజియంలో అందరూ అతన్ని అద్దాలాయన అంటారు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఏళ్ల తరబడి ఒకే చేత్తో తుడవడం వల్ల కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి వాలింది. వెనిగరు కలిపిన నీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు తెల్లగా, మెత్తగా అయిపోయాయి. కింది అరల కోసం గొంతుక్కూర్చుని లేచినప్పుడల్లా మోకాళ్లు టక్కుమంటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న బ్లేడు ముక్క ఉంటుంది. పిల్లలు అద్దాలకి అంటించి పోయే చూయింగ్ గమ్ గీకడానికి.

ఏ పెట్టె ముందు జనం ఎక్కువసేపు నిలబడతారో అతనికి చూడకుండానే తెలుసు. కత్తుల పెట్టె మీద అరచేతుల మరకలు. నగల పెట్టె మీద ఊపిరి మరకలు, వాటి పక్కనే నుదుటి గుర్తులు. ఈజిప్టు మమ్మీ చెయ్యి ఉన్న పెట్టె మీద నడుమంత ఎత్తులో వరసగా చిన్న చిన్న ముక్కుల అచ్చులు. ఇరవై ఆరేళ్లుగా అతను ఈ మరకలన్నీ చదివాడు. వాటి వెనకాల ఉన్నవాటి పక్కన అంటించిన చీటీలు మాత్రం ఎప్పుడూ చదవలేదు. చదవడం రాక కాదు. చూపు అద్దం దగ్గరే ఆగిపోయేది, అంతే.

ఈరోజు మాత్రం చదువుతున్నాడు. గుడ్డ భుజాన వేసుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించి, పెదాలు కదుపుతూ ఒక్కో చీటీ చదువుతున్నాడు. అందుకే పని వెనకబడింది.

దీనికంతటికీ కారణం ఒక కుక్క.

మూడు వారాల కిందట వానలో తడిసి వచ్చి వంటింటి మెట్టు మీద పడుకుంది. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి. అతను తరిమేద్దామని చీపురు తీశాడు. అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే, "దాని మానాన దాన్ని ఉండనీయండి బాబూ" అన్నది. కుక్క ఉండిపోయింది. మర్నాటికి వంటింట్లోకి, ఆ తర్వాత ఆవిడ కుర్చీ కిందికి చేరింది.

ఇంట్లో వాళ్లిద్దరే. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. భార్య ఉన్నప్పుడు అత్తగారూ అల్లుడూ ఆమె ద్వారానే మాట్లాడుకునేవారు. "మీ అమ్మకి మందులు తెచ్చాను", "మీ ఆయన తింటాడేమో అడుగు". మధ్యలో మనిషి పోయాక ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు. అతను వేరే గది చూసుకుని వెళ్లిపోతాడనుకున్నారు చుట్టాలు. ఒకరిద్దరు అడిగారు కూడా. "ఆవిడకి బల్బులెవరు మారుస్తారు?" అన్నాడతను. ఆవిడని అడిగితే, "ఆయనకి నిద్ర లేవడం రాదు, నేను లేపకపోతే ఉద్యోగం పోతుంది" అన్నదట. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. బల్బులు మారాయి. ఉద్యోగం పోలేదు. "వస్తున్నా", "తిన్నారా", "తలుపేసుకోండి". రోజుకి ఇరవై మాటలు దాటేవి కావు.

పోయిన వారం కుక్కని సూదిమందు కోసం పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడి గుమాస్తా కార్డు మీద కలం పెట్టి, "పేరు?" అన్నాడు. అద్దాలాయన తన పేరు చెప్పాడు. "మీది కాదండీ, దానిది" అన్నాడు గుమాస్తా. వెనకాల వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. పేరు లేకపోతే కార్డు పూర్తి కాదు, వచ్చే వారం రెండో సూదికి వచ్చేటప్పుడు పేరుతో రండి అని పంపేశాడు. ఆ వచ్చే వారం ఈరోజే. సాయంత్రం ఆరింటికి ఆస్పత్రి మూసేస్తారు.

పొద్దున టీ తాగుతుండగా ఆ మాట అత్తగారికి చెప్పాడు.

"పేరు నేను పెట్టలేను బాబూ. నాకొచ్చిన పేర్లన్నీ మనుషులకి పెట్టేశారు" అన్నది ఆవిడ. గ్లాసు కింద పెట్టి, "మీ మ్యూజియంలో అంత పాతకాలం సరుకు పెట్టుకుని, ఒక్క పేరు దొరకదా? నాకంటే పాతది ఏదైనా పట్టుకురండి. ఈ ఇంట్లో నేనే అన్నిటికంటే పాతదాన్ని. నాకంటే పాత పేరు ఇంకోటి తిరుగుతుంటే నాకు కాస్త వయసు తగ్గినట్టుంటుంది" అన్నది.

అతనికి నవ్వొచ్చింది. ఆవిడ ముందు నవ్వడం అలవాటు లేక టీ గ్లాసులోకి నవ్వాడు.

అతను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మళ్లీ పిలిచింది. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఎనభై ఒక్కటి దాటినా ఆ గొంతు వంటింట్లోంచి వీధి దాకా వినిపిస్తుంది. "రెండక్షరాలు మించకూడదు. చివర సాగదీయడానికి వీలుండాలి. పేరంటే పిలవడానికి బాబూ, రాసుకోవడానికి కాదు."

పేర్లుంటాయని ఈరోజు ముందు నాణేల గదికే వచ్చాడు. అక్కడున్నవన్నీ రాజుల పేర్లు. ఒక్కోటీ చీటీలో రెండు వరసల పొడుగు. బిరుదులు తీసేసినా ఆరేడు అక్షరాలకి తగ్గడం లేదు. అతను వేళ్ల మీద లెక్కపెట్టి చూసి వదిలేశాడు.

పదకొండింటికి టీ కోసం ముందు గదిలోకి వచ్చినప్పుడు టికెట్లావిడ సంగతేమిటని అడిగింది. ఆవిడ పన్నెండేళ్లుగా అదే కిటికీ వెనకాల కూర్చుంటోంది. ఊళ్లో పుట్టే పిల్లలకి పేర్లు చెప్పడం ఆవిడకి సరదా.

"దీనికింత ఆలోచనెందుకు? చక్రవర్తి అని పెట్టెయ్" అన్నది.

"ఆడకుక్క."

"అయితే మహారాణి."

అతను ఆ మాటని ఊహలో ఒకసారి పిలిచి చూశాడు. మహారాణీ, చెప్పు వదులు. మహారాణీ, ఆ ఎముక మంచం మీదికి తేవద్దు. తల అడ్డంగా ఊపాడు.

"పోనీ ఏ కాలం కావాలి నీకు? కాలం చెప్పు, పేరు నేను చెప్తా."

ఏ కాలం కావాలి? ఆ ప్రశ్న అతనికి నచ్చింది. బట్టల కొట్లో రంగు అడిగినట్టు అడిగింది. ఇన్నేళ్లుగా పొద్దున్నే రాతికాలంలో మొదలుపెట్టి, రాగి, ఇనుము దాటుకుని, తొమ్మిదిన్నరకల్లా తుపాకుల గదిలో తేలేవాడు. వేల సంవత్సరాలని ఒక బకెట్టు నీళ్లతో తుడిచేసేవాడు. వాటిలో ఏదో ఒకటి తనకి కావాలా అని ఎవరూ అడగలేదు, తనూ అనుకోలేదు.

టీ గ్లాసు కడిగి పెట్టి రాతికాలం గదిలోకి వెళ్లాడు. గొడ్డలి రాళ్లు, ఎముక సూదులు. ఒక బొమ్మలో నిప్పు చుట్టూ మనుషులు, వాళ్ల వెనకాల చీకట్లో ఒక కుక్క. కుక్కో తోడేలో చెప్పలేనట్టు గీశారు. చీటీలో దాని ఊసే లేదు. రాగి గదిలో కుండలు, పూసలు, గాజులు. ఒక గిన్నె మీద పరిగెత్తే జంతువుల వరస ఉంది. వంగి చూశాడు. మేకలు.

చివరిది ఇటుకల గది. ఈ ఊరంతా ఒకప్పుడు ఇటుకలతో కట్టారట, తవ్వితే అవే బయటపడ్డాయి. జనం ఈ గదిలో ఆగరు. అద్దాల మీద మరకలుండవు కాబట్టి అతను కూడా వారానికి రెండుసార్లే తుడుస్తాడు. మూల పెట్టెలో, కింది అరలో, మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనిపించని చోట, అరచేయంత వెడల్పు, మూరెడు పొడుగు ఉన్న ఒక ఇటుక ఉంది. అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు.

చీటీలో ఇలా ఉంది: కాల్చిన ఇటుక. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల నాటిది. పచ్చిగా ఆరబెట్టినప్పుడు కుక్క తొక్కిన గుర్తులు.

అడుగు చక్కగా కనిపిస్తోంది. నాలుగు వేళ్లు, వెనకాల అరికాలి మెత్త. వేళ్ల కొసన గోళ్ల చుక్కలు. నిన్న రాత్రి వంటింట్లో నీళ్ల గిన్నె దగ్గర చూసిన తడి గుర్తు ఇలాగే ఉంది. అతను చాలాసేపు అలాగే కూర్చున్నాడు. అప్పుడు రెండోది కనిపించింది. గుర్తులు అన్నారు కదా చీటీలో. ఇటుక ఆ చివర ఇంకో అడుగు ఉంది కానీ సగమే. రెండు వేళ్లే మిగిలాయి. మిగతా సగం మీద ఏదో నున్నగా రుద్దినట్టుంది.

లేచి, మోకాళ్లు టక్కుమనిపించి, మేడం గదికి వెళ్లాడు.

మేడం మ్యూజియానికి పెద్దదిక్కు. వయసులో అతని కంటే పాతికేళ్లు చిన్న. వచ్చిన ఐదేళ్లలో అద్దాలాయన ఆవిడ గదికి వచ్చింది రెండుసార్లు. రెండూ వెనిగరు అయిపోయిందని చెప్పడానికే.

"వెనిగరా?" అన్నది తలెత్తి.

"కాదండీ. ఇటుకల గదిలో కుక్క తొక్కిన ఇటుక ఉంది కదా, దాని మీద రెండో అడుగు ఎవరు చెరిపారండీ?"

మేడం అతన్ని ఒకసారి చూసి, కంప్యూటరు పక్కకి జరిపి, లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిప్పింది. ఇటుక నంబరు ఉంది, కొలతలున్నాయి. రెండో గుర్తు పక్కన 'అస్పష్టం' అని ఒక్క మాట ఉంది.

"అస్పష్టం అంటే?"

"అంటే రాసినాయన సరిగ్గా చూడలేదని" అన్నది మేడం. తాళాల గుత్తి తీసుకుని లేచింది.

పెట్టె తెరిచినప్పుడు లోపలి గాలి బయటికి వచ్చింది. మట్టి వాసన, పాత చెక్క వాసన. ఇరవై ఆరేళ్లలో ఈ పెట్టె లోపలి వాసన అతనికి తగలడం ఇదే మొదలు. మేడం చేతికి తొడుగులు వేసుకుని ఇటుకని బయటికి తీసి బల్ల మీద పెట్టింది. భూతద్దం ముందు తను చూసి, తర్వాత అతనికిచ్చింది.

నున్నగా ఉన్నచోట సన్నటి గీతలున్నాయి. ఒంపు తిరిగిన గీతలు, ఒకదాని పక్కన ఒకటి. అతనికి వెంటనే అర్థమైంది. రోజూ అద్దాల మీద చూసేవే.

"బొటనవేలండీ ఇది. మనిషిది."

"అవును" అన్నది మేడం మెల్లగా. "పచ్చి ఇటుక మీద కుక్క నడిచిపోయింది. ఇటుక చేసేవాడు సరిచేద్దామని బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు."

"సగంలో మానేశాడు."

"మానేశాడు."

"ఎందుకంటారు?"

"అది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు" అన్నది మేడం. అన్నాక కూడా ఇటుకని లోపల పెట్టలేదు. ఇద్దరూ బల్లకి చెరో వైపు వంగి చూస్తూ ఉండిపోయారు. ఎవరో సందర్శకుడు గుమ్మంలోంచి తొంగి చూసి, వీళ్లు ఏదో పోగొట్టుకున్నారనుకుని వెళ్లిపోయాడు.

"అప్పట్లో కుక్కల్ని ఏమని పిలిచేవారండీ?"

"రాజులు రాయించుకున్నవే మనకి మిగిలాయి. కుక్కల్ని పిలిచే మాటలు ఎవరు రాయిస్తారు?" మేడం ఆలోచించింది. "అచ్చు పడింది కాబట్టి అచ్చు అని పెట్టుకోరాదూ?"

"అచ్చూ అని పిలిస్తే పక్కింటివాళ్లు ఎవరో తుమ్మారనుకుంటారండీ."

మేడం గట్టిగా నవ్వింది. ఇటుకల గదిలో అంత గట్టి నవ్వు అతనెప్పుడూ వినలేదు. నవ్వు ఆగాక అతనే అన్నాడు, నేల చూస్తూ, తప్పు జవాబు చెప్తున్న పిల్లాడిలా: "ముద్ర అంటే?"

రెండక్షరాలు. చివర సాగుతుంది. మేడం ఆ మాటని ఒకసారి పైకి అని చూసి తలూపింది.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకునే వేళకి అతను పెరటి మెట్ల మీదికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు. ఇన్నేళ్లలో పగటిపూట ఇంటికి ఫోన్ చెయ్యడం ఇదే మొదటిసారి. సాయంత్రం దాకా ఆగొచ్చు. ఆగబుద్ధి కాలేదు.

ఐదోసారి మోగాక అత్తగారు ఎత్తింది. "నమస్కారం. ఎవరు కావాలండీ?" ఎక్స్ఛేంజి గొంతు, ఎక్కడా వణుకు లేదు.

"మీరే కావాలి అత్తయ్యగారూ."

"ఏమైంది బాబూ? ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం కాలేదు. పేరు దొరికింది." దొరికిన పేరు చెప్పకుండా ముందు ఇటుక సంగతి మొదలుపెట్టాడు. మొత్తం చెప్పాడు. కింది అర, నాలుగు వేళ్లు, సగం చెరిగిన అడుగు, బొటనవేలు. తను ఇంతసేపు మాట్లాడగలనని అతనికే తెలియదు. ఆవిడ మధ్యలో ప్రశ్నలు వేసింది. పరిగెడుతోందా, నడుస్తోందా? ఉండండని చెప్పి లోపలికి వెళ్లి మేడంని అడిగి వచ్చాడు. నడుస్తోందట, గోళ్లు లోతుగా దిగలేదు. పెద్దదా, మనదానంతే ఉంటుందా? మనదానంతే.

"సగంలో ఎందుకు మానేశాడో తెలియదన్నారు మేడం. జాలేసిందేమో అనుకుంటున్నాను" అన్నాడు.

"జాలి కాదు బాబూ. అంత పెద్ద ఇటుకలు చేసేవాడికి రోజుకెన్ని చెయ్యాలో, జాలికి తీరికెక్కడ? కుక్క మళ్లీ వచ్చుంటుంది. తోకూపుతూ ఎదురుగా నిలబడి ఉంటుంది. అది చూస్తుంటే దాని అడుగు ఎలా చెరుపుతాడు?"

అతనికి అదే అయ్యుంటుందని అనిపించింది.

"అమ్మాయి ఉంటే ఈ కథకి రెండు రోజులు నవ్వేది" అన్నది ఆవిడ. తొమ్మిదేళ్లలో ఇద్దరి మధ్యా ఆమె మాట రావడం అదే మొదలు. "అవునండీ" అన్నాడతను. "పేరు ముద్ర అనుకున్నాను."

"ఉండండి." ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. దూరంగా, సాగదీసి, వీధి చివరికి వినిపించేలా: "ముద్రా!"

అతను ఫోన్ చెవికి నొక్కి పట్టుకున్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత గచ్చు మీద గోళ్ల టకటక. దగ్గరికి, ఇంకా దగ్గరికి.

"వచ్చింది బాబూ" అన్నది ఆవిడ ఫోన్ తీసి. ఆయాసపడుతోంది, నవ్వుతోంది. "ఎప్పటినుంచో ఆ పేరే ఉన్నట్టు వచ్చింది. సాయంత్రం ఆస్పత్రికి నేనూ వస్తాను. ఆ గుమాస్తాకి నేనే చెప్తాను పేరు."

ఆవిడ గడప దాటి ఆరు నెలలైంది. "మెట్లున్నాయి అక్కడ" అన్నాడు.

"మీరున్నారుగా" అన్నది, ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నమంతా మిగిలిన పెట్టెలు తుడిచాడు. ప్రతి పెట్టె దగ్గరా చీటీ చదివాడు. నాలుగున్నరకి మేడం ఇటుకల గది గుమ్మంలో ఎదురై, పుస్తకంలో 'అస్పష్టం' కొట్టేసి 'మనిషి బొటనవేలితో సగం చెరిపినది' అని రాశానని చెప్పింది. గమనించింది ఎవరో కూడా రాశానన్నది. వెనిగరు రేపటికి సరిపోతుందని చెప్పాడతను. గంట ముందు సెలవడిగి బయల్దేరాడు.

ఇంటికి చేరేసరికి ఐదింటి ఎండ వంటింటి కిటికీలోంచి వాలుగా పడుతోంది. అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. బయటికి వెళ్లే బట్టలు కట్టుకుంది, జుట్టు దువ్వుకుంది. తల కాస్త పక్కకి వాలింది. కుక్క ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని, అతన్ని చూసి లేవకుండా తోక మాత్రం ఒకసారి కదిపింది.

"అత్తయ్యగారూ, బయల్దేరదామా?" అన్నాడు.

ఇంకోసారి అన్నాడు. తర్వాత కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ పట్టుకోలేదు. చిన్న చెయ్యి, చల్లగా ఉంది. నిద్రలోనే పోయింది, గంటయి ఉంటుంది, నొప్పేమీ తెలిసి ఉండదు అన్నాడు పక్క వీధి డాక్టరు వచ్చి చూసి.

కావలసినవాళ్లు వచ్చారు, చెయ్యవలసినవి చేశారు, వెళ్లారు. ఐదో రోజున అతను కుక్కని తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు. ఆ గుమాస్తానే ఉన్నాడు. కార్డు వెతికి తీసి, ఆలస్యమైందేమని గొణిగి, కలం పెట్టాడు.

"పేరు?"

"ముద్ర."

గుమాస్తా రాసుకున్నాడు. "యజమాని?"

అద్దాలాయన అత్తగారి పేరు చెప్పాడు. గుమాస్తా రాయడం పూర్తిచేశాక, దాని పక్కన తన పేరు కూడా రాయమన్నాడు. ఇంత చోటెక్కడుందన్నాడు గుమాస్తా. ఉందండీ, చిన్నగా రాయండి అన్నాడతను.

ఇంటికొచ్చి తలుపు తోశాడు. గొలుసు విప్పగానే కుక్క లోపలికి పరిగెత్తి, వంటింట్లో కుర్చీ చుట్టూ తిరిగి, మళ్లీ బయటికి వచ్చి అతని మొహంలోకి చూసింది. అతను చెప్పులు విడిచి తలుపు వేశాడు. లోపలి గడియకి, ఆ రోజు ఆస్పత్రికని ఆవిడ తగిలించినచోటే, బయటికి వెళ్లే సంచి వేలాడుతోంది. జిప్పు సగం తీసి ఉంది, లోపల నాలుగు మడతలు వేసిన తెల్లటి చేతిరుమాలు, ఒక దువ్వెన.